ఏడు దాటాక మోగని ఫోన్: బాలానగర్ మెషిన్ షాపు డైరీ

జూన్ రెండో వారం, 2025

నోట్‌బుక్‌లో ఈ పనికి "ఏడు తర్వాత" అని పేరు రాశాను. కొత్త మెషిన్ దింపితే ఫౌండేషన్ నుంచి ట్రయల్ దాకా రాసుకుంటాం కదా, ఇదీ అలాగే రాయాలని.

కావాల్సినవి రెండు. సాయంత్రం ఏడు దాటాక, ఆదివారాల్లో యూనిట్ నుంచి నాకు ఫోన్ రాకూడదు. మంటలు, మనిషికి దెబ్బ, దొంగతనం, ఈ మూడింటికి తప్ప. రెండోది, నవంబర్‌లో కరీంనగర్‌లో మా మేనకోడలి పెళ్ళి. నాలుగు రోజులు వెళ్తాను. ఆ నాలుగు రోజులూ మెషిన్లు తిరగాలి, డిస్పాచ్ ఆగకూడదు.

యూనిట్ పెద్దదేం కాదు. హైదరాబాద్ బాలానగర్‌లో షెడ్డు, వీఎంసీలు (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్లు), సీఎన్‌సీ లేత్‌లు (ఇవీ కంప్యూటర్‌తో నడిచేవే), నాన్న కొన్న పాత లేత్ ఒకటి. మనుషులు ముప్పై మంది దాకా, రెండు షిఫ్టులు. పంపుల భాగాలు, ఫార్మా మెషినరీకి స్టెయిన్‌లెస్ స్టీల్ విడిభాగాలు జాబ్‌వర్క్ మీద, అంటే వేరే కంపెనీల ఆర్డర్ మీద చేస్తాం. 1968లో ఇక్కడే పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పుణ్యమా అని ఈ వీధుల్లో పని తెలిసినవాళ్ళకు కరువు లేదు. మెషిన్లకు ప్రోగ్రామ్ రాసే మా ప్రోగ్రామర్ కూడా అక్కడ చదివినవాడే.

ఇప్పుడే ఎందుకంటే, బీపీ. డాక్టర్ మందు రాసేముందు వారం రోజులు ఇంట్లో పొద్దున, సాయంత్రం కొలిచి రాసుకురమ్మన్నారు. అరగంట ముందు నుంచి టీ వద్దు, కుర్చీకి వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టాలి, కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. ఇంట్లో తీసిన రీడింగుల సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. పొద్దున పూట ఇబ్బంది లేదు. సాయంత్రమే ఆ ఐదు నిమిషాలు దొరకలేదు. పట్టీ చేతికి చుట్టుకుంటే ఫోన్, విప్పి మళ్ళీ చుట్టుకుంటే ఫోన్. మాట్లాడుతూ కొలిస్తే అంకె పెరుగుతుంది కాబట్టి ఆ రీడింగ్ పనికిరాదు. ఐదు నిమిషాలు కూర్చోవడానికే ఏర్పాటు లేని మనిషికి యోగా క్లాసు సలహా ఇచ్చి లాభం లేదని నాకు అర్థమైంది అప్పుడే.

జూన్ ఆఖరు

మొదటి పని కొలత. రాత్రి వచ్చిన ప్రతి ఫోన్‌కీ నాలుగు గడులు: ఎవరు, ఎన్నింటికి, ఏం అడిగారు, నేను ఎత్తకపోతే ఏమయ్యేది. అసలు విషయమంతా నాలుగో గడిలోనే ఉంది.

"ఇన్‌సర్ట్‌లు అయిపోయినయ్ మేడమ్, తెప్పియ్యాల్నా?"

"కరెంట్ పోయి వచ్చింది, జాబ్ మళ్ళ మొదటి నుంచి పెట్టాల్నా?"

"పార్టీవాళ్ళు అడుగుతున్నరు, మాల్ ఎప్పుడిస్తరని."

"రేపు లీవ్ కావాలె మేడమ్."

సగానికి పైగా నేను ఎప్పుడూ సరే అనేవే. ఇన్‌సర్ట్‌లంటే లోహాన్ని కోసే చిన్న బిళ్ళలు, అవి లేకుండా మెషిన్ తిరగదు, తెప్పించొద్దని ఏ యజమానీ అనడు. అయినా అడుగుతారు. రేపు పొద్దున "ఎవరిని అడిగి తెప్పించావు" అని ఎవరైనా అంటే చూపించుకోవడానికి నా మాట కావాలి వాళ్ళకు. అంటే ఫోన్ తగ్గాలంటే నేను ఫోన్ ఆపేస్తే చాలదు. ఆ మాట ముందుగానే కాగితం మీద వాళ్ళ చేతిలో ఉండాలి.

టైమ్ మేనేజ్‌మెంట్ వీడియోలు కొన్ని చూశాను. తెల్లారుజామున ఐదింటికి లేవమంటాయి. మా కాలనీలో నీళ్ళొచ్చేది నాలుగున్నరకి, ఆ లెక్కన నేను వాళ్ళకంటే ముందే ఉన్నాను.

జూలై మొదటి వారం: డబ్బు

ఖర్చుకు మూడు గీతలు గీశాం. 2,000 వరకు స్టోర్ కీపర్ సంతకం. 8,000 వరకు ఫోర్‌మన్ సంతకం. ఆపైన నేను, అదీ పగటిపూట. వస్తువు ఎవరి దగ్గర కొనాలో జాబితా గోడకు అంటించాం. రేటు ముందే మాట్లాడి పెట్టాను కాబట్టి రాత్రిపూట బేరాలు ఉండవు.

ఇన్‌సర్ట్‌లు, కూలెంట్, డ్రిల్ బిట్లకు రెండేసి డబ్బాలు పెట్టాం. మొదటి డబ్బా ఖాళీ అవగానే అందులో ఉన్న కార్డు స్టోర్ బల్ల మీదికి వస్తుంది, పొద్దున ఆర్డర్ వెళ్తుంది, అప్పటిదాకా రెండో డబ్బా నడిపిస్తుంది. ఇది పాత పద్ధతే, మేం పెట్టుకోలేదంతే. పెట్టిన వారానికే "అయిపోయినయ్" ఫోన్లు దాదాపు ఆగిపోయాయి.

బ్యాంకు పని కొంచెం చిక్కు. నెట్ బ్యాంకింగ్‌లో మేకర్–చెకర్ పెట్టించాం: అకౌంటెంట్ చెల్లింపు తయారుచేస్తుంది, నేను ఓకే చేస్తే వెళ్తుంది. ఇంతకుముందు ఎవరు ఎప్పుడు అడిగితే అప్పుడు ఓటీపీ చెప్పేదాన్ని, పెళ్ళి భోజనాల్లో బంతిలో కూర్చుని కూడా. ఇకనుంచి చెల్లింపులు మంగళ, శుక్రవారాలే. సరుకు ఇచ్చేవాళ్ళు మొదట గునిశారు. తర్వాత వాళ్ళకే నచ్చింది, ఏ రోజు డబ్బు పడుతుందో తెలిస్తే వాళ్ళూ ఫోన్ చేయనక్కర్లేదు.

నెలలో నా తలనొప్పి తేదీలు అందరికీ తెలిసినవే. 7న టీడీఎస్ (చెల్లింపుల్లో కోసిన పన్ను), 11న జీఎస్‌టీఆర్–1 (అమ్మకాల రిటర్న్), 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న 3బీ (జీఎస్టీ కట్టే రిటర్న్). ఇవన్నీ ఆఖరి రోజు రాత్రి చేసే అలవాటు మా అందరిదీ. అకౌంటెంట్‌తో కూర్చుని ప్రతి తేదీకీ మూడు రోజుల ముందు మా సొంత తేదీ పెట్టాం. ఆమె ఒక్క మాటే అంది: "బిల్లులు నాకు అయిదో తేదీకల్లా ఇప్పించండి మేడమ్, మిగతాది నేను చూసుకుంటా." బిల్లులు సొరుగులో దాచిపెట్టేది ఎవరో చెప్పక్కర్లేదు. నా సొరుగు తాళం ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది.

జూలై మూడో వారం: ఫస్ట్ పీస్

ఇది అన్నిటికంటే గట్టి ముడి. రాత్రి షిఫ్టులో కొత్త జాబ్ ఎక్కిస్తే మొదటి పీస్ కొలిచి, సరే అన్నాకే మిగతావి నడపాలి. ఆ "సరే" నాది. పద్ధతి ఎలా ఉండేదంటే, రాత్రి పదిన్నరకు బోర్ గేజ్ (బోర్, అంటే రంధ్రం, వ్యాసం కొలిచే పరికరం) డయల్ ఫొటో వాట్సాప్‌లో వచ్చేది. 35 మిల్లీమీటర్ల బోర్, హెచ్7 ఫిట్. అంటే కొలతలో తేడా కిందికి సున్నా, పైకి 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దాకా ఉండొచ్చు. ఫొటోలో ముల్లు ఒకపక్కకి వాలి కనిపించేది, గేజ్‌ను బోర్‌లో సరిగ్గా ఊపి కనిష్ఠం దగ్గర చదివారో లేదో ఫొటో చెప్పదు. మంచం మీద కూర్చుని దానికి ఓకే కొట్టడం క్వాలిటీ కంట్రోల్ కానే కాదు, వట్టి తతంగం.

కాబట్టి షాపు నుంచే ఇద్దరిని ఎంచుకున్నాం. పొద్దున షిఫ్టులో ఒకరు, రాత్రి ఒకరు. రెండు వారాలు ప్రతి ఫస్ట్ పీస్‌నీ వాళ్ళు కొలిచాక, వాళ్ళు రాసింది చూడకుండా నేనూ కొలిచాను, తర్వాత రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాం. రాత్రి షిఫ్టు కుర్రాడి కొలత నాకంటే నిలకడగా ఉంది. వాడికి చెయ్యి వణకదు.

రూలు ఇప్పుడిది: కొలత గీతల మధ్యలో ఉంటే నడుపు. గీత అంచున ఉంటే ఇద్దరు కొలవండి. అనుమానం ఉంటే ఎర్ర ట్యాగ్ కట్టి పక్కన పెట్టి వేరే జాబ్ ఎక్కించు. వేరే జాబ్ లేకపోతే మెషిన్ ఆపు. ఈ చివరి మాట రాసేటప్పుడు చెయ్యి ఆడలేదు. లెక్క వేసి చూశాక ఆడింది. మా వీఎంసీ రేటు గంటకు 500. రాత్రంతా ఆగితే పోయేది 4,000. ఒక బ్యాచ్ స్టెయిన్‌లెస్ స్టీల్ చెడితే మెటీరియల్‌కే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. రూపాయల్లో పెడితే "మెషిన్ ఆగకూడదు" అనే మంత్రం నిలబడలేదు.

బోనాల ఆదివారం

ఫోర్‌మన్ ఇంటికి బోనాలకు పిలిచారు, వెళ్ళాం. మా యూనిట్‌లో నాన్న కాలం నుంచి ఉన్న మనిషి, నన్ను "అమ్మా" అంటాడు. వాళ్ళావిడ కంచంలో కూర వేస్తూ అంది: "మీ ఫోన్ బందయిందంట కదా మేడమ్, మా ఆయన ఫోన్ మోగుడు మాత్రం బందయితలేదు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

సోమవారం కాల్ రిజిస్టర్ ముందు పెట్టుకుని చూస్తే, నాకు తగ్గినవాటిలో ఎక్కువ భాగం ఆయనకు వెళ్ళాయి. ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం వర్కర్‌కు వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అని గీత గీసింది, దాటితే రెట్టింపు ఓవర్‌టైమ్ ఇవ్వమంది, వారానికొక సెలవు రాసింది. సూపర్‌విజన్, మేనేజ్‌మెంట్ పనుల్లో ఉన్నవాళ్ళను ఆ గంటల లెక్క నుంచి తప్పించే వీలు మాత్రం 64వ సెక్షన్‌లో ఉంచింది. యజమానికి ఎలాగూ గీత లేదు. అంటే నా పైనా, ఫోర్‌మన్ పైనా ఉన్న పని గంటలకు అడ్డుకట్ట మేమే వేసుకోవాలి. బయటివాళ్ళు వచ్చి వేయరు.

హార్వర్డ్‌లో లెస్లీ పెర్లో అనే ప్రొఫెసర్ బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ అనే సలహా సంస్థలో చేసిన ప్రయోగం గురించి ఇదివరకు చదివాను, 2009లో వచ్చింది. కన్సల్టెంట్లకు వారంలో కొంత సమయం, ముందే చెప్పి, తప్పనిసరిగా సెలవు. ఆ సమయంలో మెయిల్ చూడకూడదు, ఫోన్ ఎత్తకూడదు. అది నిలిచింది ఒక్కరి పట్టుదల మీద కాదు, టీమ్ మొత్తం కూర్చుని ఎవరి సాయంత్రం ఎప్పుడో పంచుకోవడం మీద. నేను ఇక్కడ చేసింది పంచుకోవడం కాదు, దించుకోవడం. ఇప్పుడు పంచాలి.

ఆగస్టు: డ్యూటీ ఫోన్

బటన్ల ఫోన్ ఒకటి, కొత్త సిమ్ ఒకటి కొన్నాం. షాపుకు సంబంధించిన రాత్రి ఫోన్లన్నీ ఇక ఆ నంబర్‌కే. ఫోర్‌మన్, ప్రోగ్రామర్, క్వాలిటీ చూసే సీనియర్, స్టోర్ కీపర్, నలుగురు వంతులవారీగా ఉంచుకుంటారు. నేనూ వారానికి ఒక రాత్రి తీసుకుంటాను, లేకపోతే ఇది మళ్ళీ దించుకోవడమే అవుతుంది. ఏడింటికి ఫోన్ చేతులు మారుతుంది, రిజిస్టర్‌లో ఇద్దరి సంతకాలు. ఉంచుకున్న రాత్రికి 300 రూపాయలు, ఫోన్ మోగినా మోగకపోయినా.

స్టోర్ కీపర్ మొదటి రాత్రి నిద్రపోలేదట. మోగుతుందేమోనని టెన్షన్. మోగలేదు. "ఏం గాలే మేడమ్, గానీ పండుకోలే," అన్నాడు. నాకు తెలిసిన నిద్రే అది.

ఇదే నెలలో తోటి యూనిట్ల వాళ్ళతో టీ దగ్గర పెద్ద వాదన. ఒకాయన 70 గంటల మాట తెచ్చాడు. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023 అక్టోబర్‌లో అన్నది. ఈ సంవత్సరం జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటల దాకా వెళ్ళారు. నేను వాదించలేదు, ఇంకో లెక్క చెప్పాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకు 35–40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఆయన టీ తాగడం ఆపి, "మరి మనది ఎంత?" అన్నాడు. మేమెవరం ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

పెద్ద కంపెనీల సీఈవోలు మాత్రం హాయిగా ఉన్నారని కాదు. హార్వర్డ్ ప్రొఫెసర్లు మైకేల్ పోర్టర్, నితిన్ నోరియా 27 మంది సీఈవోల సమయాన్ని పావుగంట లెక్కన రాయించి 2018లో అచ్చువేశారు. వారానికి సగటున 62.5 గంటలు. సెలవు మీద వెళ్ళిన రోజుల్లో కూడా 70 శాతం రోజులు ఎంతో కొంత పని. లండన్‌లో లాయిడ్స్ బ్యాంకు సీఈవో హోర్టా ఒసోరియో 2011 నవంబర్‌లో నిద్రలేమితో సెలవు పెట్టి జనవరిలో గానీ తిరిగి రాలేదు. అంత పెద్ద బ్యాంకు ఆయన లేకుండా నడిచింది. మా షెడ్డు నడవదా?

సెప్టెంబర్: పార్టీలు

బయటి నుంచి వచ్చే ఫోన్ల సంగతి. అడిగేది ఒక్కటే, మాల్ ఎప్పుడు. ఇక నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి ప్రతి పార్టీకీ ఒక చిన్న షీట్ వాట్సాప్‌లో: ఏ జాబ్ ఏ ఆపరేషన్‌లో ఉంది, ఎన్ని అయ్యాయి, ఏ తేదీకి బండి ఎక్కుతుంది. ఆలస్యం ఉంటే అదీ, కారణంతో సహా. ప్రోగ్రామర్ అరగంటలో తయారుచేస్తాడు. ఈ మొత్తం ప్రాజెక్టులో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు. ఆలస్యం మనమే చెబితే వాళ్ళు అరవరు, వాళ్ళు కనిపెడితేనే అరుస్తారు.

ఒక కంపెనీ కొనుగోళ్ళ మేనేజర్ మాత్రం ఆదివారం మధ్యాహ్నమే ఫోన్ చేస్తాడు, అదీ నాకే. డ్యూటీ నంబర్ ఇచ్చాను. "యజమానితోనే మాట్లాడతా" అన్నాడు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి నేనే చేస్తానని చెప్పి, ప్రతి సోమవారం చేస్తున్నాను. ఆదివారం మిస్డ్ కాల్ ఇంకా వస్తూనే ఉంది. ఎత్తడం లేదు. ఆర్డర్ పోతుందేమోనని మొదటి రెండు వారాలు గుబులు, పోలేదు.

15న అడ్వాన్స్ ట్యాక్స్ రెండో వాయిదా, 22 నుంచి జీఎస్టీ కొత్త రేట్లు. అకౌంటెంట్ తలపట్టుకుంది కానీ రాత్రి తొమ్మిదికి కాదు, పగలే.

రాయాల్సిన చేదు విషయం ఒకటుంది. ఫోన్లు తగ్గినా కొన్ని రాత్రులు రెండింటికి మెలకువ వస్తోంది. దానికి కారణం షాపు కాదు, రావాల్సిన బాకీలు. చిన్న యూనిట్లకు ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. లేదంటే కొన్నవాళ్ళు ఆ ఖర్చును నిజంగా కట్టిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవాలి, 2023–24 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో పెట్టిన 43బీ(హెచ్) సెక్షన్ ఇదే. ఆలస్యానికి వడ్డీ, బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ, అదీ చట్టంలో ఉంది. వడ్డీ అడిగి అదే పార్టీ నుంచి మళ్ళీ ఆర్డర్ తెచ్చుకున్న చిన్న యూనిట్‌ను నేనింతవరకు చూడలేదు. మేం చేసింది ఇంతే: ప్రతి ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ (చిన్న పరిశ్రమగా నమోదైన నంబర్), గడువు తేదీ పెద్ద అక్షరాల్లో, 30వ రోజున అకౌంటెంట్ నుంచి మర్యాదగా ఒక మెయిల్, 40వ రోజున నా నుంచి ఒక ఫోన్. కొంత కదిలింది. నిద్ర మాత్రం ఇంకా పూర్తిగా చక్కబడలేదు. వెల్‌నెస్ సెషన్లు పెట్టేవాళ్ళు యజమానుల ఒత్తిడి గురించి గంటలకొద్దీ మాట్లాడతారు, 90 రోజుల బాకీ గురించి ఒక్క స్లైడ్ ఉండదు.

దసరా

అక్టోబర్ 2. మెషిన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయలు కొట్టి పూజ చేసుకున్నాం. నాన్న లేత్‌కు దండ పెద్దది. ఈసారి గాంధీ జయంతి నాడే దసరా పడి మటన్ దుకాణాలు బంద్. షాపులో చర్చంతా దాని మీదే, ముందురోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టినవాళ్ళే ఆ రోజు తెలివైనవాళ్ళు.

ఉదయం, సాయంత్రం బీపీ సగటు 135 కిందికి వచ్చింది. ఇది ప్రాజెక్టు ఫలితం అని రాసుకోను, జూలై నుంచి మాత్ర కూడా వేసుకుంటున్నాను. సాయంత్రం రీడింగుకు ఐదు నిమిషాలు కూర్చోవడం కుదురుతోంది, అంతవరకు నాది.

నవంబర్: పెళ్ళి

వెళ్ళేముందు రోజు ఫోర్‌మన్ అడిగాడు, "అమ్మా, నిజంగ ఫోన్ చెయ్యొద్దా?" ఫోన్ చేయాల్సిన ఆ మూడు విషయాలు గోడ మీద ఉన్నాయి కదా అన్నాను.

రెండో రోజు రాత్రి ఒక వీఎంసీలో టూలును తిప్పే స్పిండిల్ దగ్గర చప్పుడు మొదలైందట. డ్యూటీ ఫోన్ ప్రోగ్రామర్ దగ్గర ఉంది. మెషిన్ ఆపి, దాని మీద ఉన్న అర్జెంట్ జాబ్‌ను పక్క వీధిలో తెలిసిన యూనిట్‌కు ఇచ్చి చేయించాడు. 8,000 గీత దాటుతుంది కాబట్టి ఫోర్‌మన్, అకౌంటెంట్ ఇద్దరినీ లైన్‌లోకి తీసుకుని ముగ్గురి పేర్లూ రిజిస్టర్‌లో రాశాడు. అలాంటి రూలు మేం రాయలేదు, వాళ్ళే అక్కడికక్కడ చేశారు. నేనైతే బయటికి ఇచ్చేదాన్ని కాదు, పొద్దున సర్వీస్ ఇంజనీర్ వచ్చేదాకా ఆగమనేదాన్ని. ఇంజనీర్ వచ్చింది ఆ తర్వాత మూడో రోజు. పార్టీకి మాల్ మాత్రం చెప్పిన రోజే వెళ్ళింది. ఖర్చు కొంచెం ఎక్కువైంది, ఆ జాబ్‌లో మాకేం మిగల్లేదు.

ఆ ముగ్గురి సంతకం పద్ధతిని ఇప్పుడు రూలుగా రాశాం: 8,000 నుంచి 25,000 వరకు, రాత్రిపూట, ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటే చాలు.

మిగిలిన పని కొటేషన్లు. అవింకా నా చేతిలోనే ఉన్నాయి, రాత్రి భోజనం అయ్యాక లాప్‌టాప్ తెరిచేది వాటి కోసమే. సైకిల్ టైమ్ (ఒక్కో పీస్‌కు మెషిన్ మీద పట్టే సమయం) లెక్కలు ప్రోగ్రామర్‌కు నాకంటే బాగా వచ్చు, మార్జిన్ ఎంత పెట్టాలన్నదే అతనికి తెలియదు. డిసెంబర్ నుంచి ప్రతి కొటేషన్‌నూ ఇద్దరం విడివిడిగా వేసి పోల్చుకుంటాం, ఫస్ట్ పీస్‌కు చేసినట్టే. జనవరికల్లా 50,000 లోపు కొటేషన్లు నేను చూడకుండా వెళ్ళాలి. ముందుగా చూద్దామని ఒకటి నిన్న వేశాం: అతని రేటు నాదానికంటే తొమ్మిది శాతం తక్కువ వచ్చింది, ఎందుకో ఇంకా తేలలేదు. సోమవారం కూర్చోవాలి.